రెండు సంతకాలు, ఒక ట్యాంకు నీడ

టక్. టక్.

వేలిగోరు మైకును తట్టిన చప్పుడు. ఊరి మధ్యలో నీళ్ల ట్యాంకు మీద నాలుగు దిక్కులకూ మొహం తిప్పుకుని ఉన్న నాలుగు లౌడ్‌స్పీకర్లు ఆ చప్పుడును అందుకుని పత్తి చేల మీదికి విసిరాయి. సాళ్లలో వంగిన నడుములు లేచాయి. మైకులో ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. అంతే. మాట రాలేదు.

ఇటిక్యాల మండలంలో ఉన్న ఆ చిన్న ఊరికి మైకు మోగితే మూడే అర్థాలు. రేషన్ బియ్యం వచ్చాయి, కరెంటు పోతుంది, లేదా ఎవరో పోయారు. పొద్దున పదకొండు గంటలకు మోగిందంటే మాత్రం బియ్యమే. మైకులో మాట వచ్చేదాకా ఆగే ఓపిక ఎవరికుంది? ఆడవాళ్లు చేతిలో పువ్వులు చేతిలోనే ఉండగా ఇళ్లకు పరుగెత్తారు, సంచులు చంకన పెట్టుకున్నారు, తాళం వేసిన రేషన్ షాపు ముందు నలభై మంది వరస కట్టారు.

అప్పుడు మైకు మళ్లీ టక్‌మంది, ట్యాంకు మీంచి ఒక పలచని గొంతు దిగింది. "పిల్లలూ, ఈ రోజు మనం నీడ గురించి తెలుసుకుందాం."

వరసలో ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక నలభై సంచులూ పంచాయతీ ఆఫీసు వైపు తిరిగాయి.

పాఠం ముగించి, తలుపు తీసుకుని రేణుక బయటికి వచ్చింది. ఇరవై రెండేళ్ల పిల్ల, సన్నగా, చేతిలో నాలుగు కాగితాలు. గుంపును చూసి, తన పాఠం వినడానికే వచ్చారనుకుని నవ్వింది కూడా.

"ఏంది రేణుకా, పరాచికాలా?" అన్నాడు చేను గల అనంతయ్య. "నా చేన్ల పువ్వుల క్రాసింగు నడుస్తుంటే ఆడోళ్లనందర్ని లేపుకొస్తివి. పువ్వు ముడుసుకుంటే ఎవరు జవాబు చెప్పాలె?"

"గింతసేపట్ల మీ పువ్వేం ముడుసుకోదులే పటేలా," అంది గుంపులోంచి రేణుక తల్లి విజయమ్మ. "జర నీళ్లన్న తాగినం మేము."

పంచాయతీ లెక్కాపత్రం, మైకు, ట్యాంకు మోటారు, అన్నీ చూసుకునే కారోబార్ గోవిందు తల కొట్టుకున్నాడు. "నేను ముందే చెప్పిన బిడ్డా. మైకు పట్టుకున్నంక మొదటి మాట బియ్యమన్న ఉండాలె, బియ్యం కాదనన్న ఉండాలె."

రేణుక వనపర్తి దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో చదువుతోంది. మీడియా, విద్య, రెండూ కలిపిన కోర్సు. ఆ రెండు మాటలను ఊరికి వివరించడం కోర్సు కన్నా కష్టమైంది. "టీచరు కొలువా, టీవీ కొలువా?" అని అడిగితే విజయమ్మ తనకు తోచినట్టు "టీవీల టీచరు" అని చెప్పేసింది. నాయనమ్మ ఈదమ్మ అది కూడా నమ్మలేదు. "టీవీలకెళ్లి బెత్తం ఎట్ల అందుతదే?" అంది.

విశ్వవిద్యాలయంలో కింది అంతస్తు మీడియా, పై అంతస్తు విద్య. మధ్యలో ఇరవై రెండు మెట్లు. రెండేళ్లుగా రేణుక జీవితం ఆ మెట్ల మీదే గడిచింది. చివరి ప్రాజెక్టుగా ఆమె మైకు పాఠం ఎంచుకుంది. కారణం ఎవరికీ చెప్పలేదు గానీ, అది చాలా పాతది. చిన్నప్పుడు ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అమ్మతో పాటు, విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలోనే ఉండేది. హాజరు పట్టీలో ఆ మూడు నెలలూ ఆమె పేరు పక్కన గీతలే. బడి అర కిలోమీటరు దూరం. గాలి ఇటు తిరిగితే పిల్లలు ఎక్కం చదువుతున్న గొంతులు సాళ్ల మీదుగా వచ్చేవి. ఏడు నాలుగుల దాకా వినబడేది, గాలి అటు తిరిగేది, మళ్లీ ఏడు తొమ్మిదుల దగ్గర వినబడేది. మధ్యలో పోయినవాటిని వేళ్ల మీద లెక్కపెట్టి తనే పూరించుకునేది. ఈ రోజుకీ ఆమెకు ఏడో ఎక్కంలో కొంచెం గాలి వినబడుతుంది.

ప్రాజెక్టు ఫారం మీద రెండు గళ్లు ఉన్నాయి. ఒకటి మీడియా అరవింద్ సార్ సంతకానికి, ఒకటి విద్య మాలతి మేడం సంతకానికి. అక్టోబరు దాటేలోపు రెండూ పడాలి. ఒక్కటి ఖాళీగా మిగిలినా సంవత్సరం మళ్లీ చదవాలి. మళ్లీ చదవడమంటే ఏమిటో రేణుక ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. తండ్రి సామ్యూల్ మాత్రం అటక మీంచి పుణె సంచి దింపి, దుమ్ము దులిపి, గోడకు తగిలించాడు. పద్నాలుగేళ్లు పుణెకు సెంట్రింగ్ పనికి పోతూ మోసిన సంచి అది. రెండేళ్ల కింద "ఇగ పోను" అని అటకెక్కించాడు. ఇప్పుడు రేణుక అన్నం తినేటప్పుడల్లా అది ఎదురుగా వేలాడుతోంది, లోపల ఏమీ లేకుండా, పొట్ట ఉబ్బించుకుని.

ఊరు బియ్యమనుకున్న ఆ నీడ పాఠం రికార్డింగు పట్టుకుని ఆమె కింది అంతస్తుకు పోయింది. నాగర్‌కర్నూల్ నుంచి రోజూ బైకు మీద వచ్చే అరవింద్ సార్ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు.

"ప్రశ్న అడిగి పదకొండు సెకన్లు ఆగినవ్. మీడియాల పదకొండు సెకన్లు సప్పుడు లేకపోతే ఏమైతదో తెలుసా? వినేటోడు లేసి చాయ్ తాగనీకి పోతడు. కొయ్యి."

కోసింది. ఇరవై రెండు మెట్లు ఎక్కింది. మాలతి మేడం విని కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె అద్దాలు తీసిందంటే పని ఉన్నట్టే.

"ప్రశ్న అడిగి, పిల్లలు నోరు తెరవకముందే జవాబు అందులో కుక్కేసినవ్. ఆలోచించే టైమ్ ఏదమ్మా?"

"సార్ కొయ్యమన్నరు మేడం."

"సార్‌కు పిల్లలు కాదు, శ్రోతలు కనిపిస్తరు. అతికించు."

అతికించింది, దిగింది, కోసింది, ఎక్కింది. మూడో వారానికి మెట్ల దగ్గర అటెండరు "ఈసారి పైకా, కిందికా బిడ్డా?" అని పందెం కాసే స్థితికి వచ్చాడు. చివరికి ఇద్దరూ ఒక్క విషయంలో ఏకమయ్యారు. వచ్చే శనివారం ఇద్దరూ కలిసి ఊరికే వచ్చి పాఠం చూస్తారట. ఆ రోజే సంతకం, లేకపోతే లేదు.

రేణుక ఇంటికి వచ్చి, మధ్యాహ్నం అమ్మతో పాటు అనంతయ్య చేలోకి పోయింది. మనసు పరేషాన్‌గా ఉన్నప్పుడు చేతులకు పని పెట్టడం ఆ ఇంటి అలవాటు. రేపు విచ్చబోయే మొగ్గను ఈ మధ్యాహ్నమే చూసి పట్టుకోవాలి. గోరుతో గిల్లి, లోపలి పుప్పొడి తీసేసి, మధ్యలో పుల్ల లాంటి కాడను మాత్రం మిగల్చాలి. గుర్తుగా ఎర్ర కాగితం ముక్క తొడగాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ కాడకు అద్దాలి, అదే క్రాసింగు. చిన్నప్పుడు వేల మొగ్గలు గిల్లిన వేళ్లు మరిచిపోలేదు.

"అమ్మా, గిల్లంగనే అద్దితే ఒక్కపూటల పని ఒడుస్తది గదా," అంది విసుగ్గా.

విజయమ్మ తల ఎత్తకుండానే అంది. "గిల్లంగనే అద్దితే పట్టదే. దానికి ఒక రాత్రి ఇడిసిపెట్టాలె. తెల్లారినంక అదే నోరు తెరుసుకుంటది."

రేణుక చేయి మొగ్గ మీదే ఆగిపోయింది. చేనంతా ఎర్ర కాగితాలు. ఒక్కో కాగితం కింద ఒక్కో పువ్వు, అడిగిన ప్రశ్నలా, రేపటి కోసం ఆగి ఉంది. ఆమె పకపకా నవ్వింది. విజయమ్మ బెదిరిపోయి "ఎండ దెబ్బ తాకిందా ఏంది?" అని నెత్తి తడిమి చూసింది.

ఆ పొద్దుమీకి ఆరున్నరకు మైకు మోగింది.

"బియ్యం రాలేదు. కరెంటు పోదు. అందరు బాగనే ఉన్నరు. ఒక్క ప్రశ్న. చింతపండు పెట్టి తోమితే రాగి చెంబు ఎందుకు మెరుస్తది? జవాబు రేపు పొద్దుగాల ఎనిమిదింటికి."

అర నిమిషం. ఎక్కడా ఖాళీ లేదు. అరవింద్ సార్ కోయడానికి ఒక్క సెకను కూడా దొరకదు. ఆలోచించడానికి మాత్రం పదమూడున్నర గంటలు. మాలతి మేడం కూడా అంత అడగలేదు.

మర్నాడు చాయ్ హోటల్ దగ్గర చెంబు గురించి మాట మీద మాట పెరిగింది. పిల్లలు ఇళ్లలో చెంబులన్నీ తోమేశారు. చింతపండంతా అయిపోయిందని తల్లులు రేణుకను తిట్టారు. ఎనిమిదింటికి జవాబు వచ్చినప్పుడు ఆటో కూడా ఇంజన్ ఆపుకుని విన్నది. నాలుగు రోజులు, నాలుగు ప్రశ్నలు. అనంతయ్య పైకి గొణిగాడు గానీ, కూలోళ్లతో "జవాబు ఇన్నంకనే బయలెల్లుదాం, తొందరేముంది" అన్నాడట.

శుక్రవారం పొద్దుమీకి అసలు ప్రశ్న. "మన నీళ్ల ట్యాంకు ఎత్తెంత? ఎక్కొద్దు, తాడు ఏలాడదియ్యొద్దు. కింద నిలబడే చెప్పాలె. జవాబు రేపు తొమ్మిదిన్నరకు, ట్యాంకు కాడ."

శనివారం అరవింద్ సార్, మాలతి మేడం ఒకే కారులో వచ్చారు. దారిలో బీచుపల్లి దాకా మాట్లాడుకున్నారు, అక్కణ్నుంచి మాట్లాడుకోలేదు. కారు దిగేసరికి ట్యాంకు నీడ బడి గోడ వైపు పొడుగ్గా పరుచుకుని ఉంది. ఆ నీడ మీద ఊరంతా ఉంది. పిల్లలు అడుగులేస్తున్నారు, ఒకాయన తువ్వాలతో కొలుస్తున్నాడు. అనంతయ్య నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"కొలుసుడేంది? కట్టినప్పుడు నేను వార్డు మెంబర్ని. నలభై అడుగులు. రాసుకోండ్రి."

పంచాయతీ గదిలో రేణుక మైకు ముందు కూర్చుంది. తొమ్మిదిన్నర అయింది. జవాబు నాలుక చివర ఉంది. కిటికీలోంచి అరవింద్ సార్ గడియారం చూసుకోవడం కనబడుతోంది. మైకు బటన్ నొక్కే ఉంది. నాలుగు లౌడ్‌స్పీకర్లలోంచి ఆమె ఊపిరి తప్ప ఏమీ రావడం లేదు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. పుణె సంచి కళ్ల ముందు ఊగింది. చెప్పేస్తే సార్ సంతకం దక్కుతుందేమో. గోవిందు చెవి దగ్గర "చెప్పెయ్ బిడ్డా, చెప్పెయ్" అని కొట్టుకుంటున్నాడు. రేణుక తల అడ్డంగా ఊపింది.

బయట నాయనమ్మ ఈదమ్మ అలసిపోయింది. నిలబడి నిలబడి, చేతికర్రను నేలకు ఆనించి, దాని నీడ వైపు చూసింది. ఇంకాస్త చూసింది. నీడ కొసన కాలి వేలు పెట్టి, కర్రను ఆ నీడ పడిన చోటే పడుకోబెట్టింది. ఆ కొసకు ఈ కొస. సరిగ్గా సరిపోయింది.

"ఓ పోరగాండ్లూ!" అని కేకేసింది. "నా కర్ర, కర్ర నీడ ఒక్కతీరుగనే ఉన్నయి. గట్లయితే ట్యాంకు, ట్యాంకు నీడ గూడ ఒక్కతీరుగనే ఉంటయి గదా. జల్ది కొలువుండ్రి, పొద్దు ఎక్కుతుంది!"

గోవిందు టేపు పట్టుకుని ఉరికాడు. రెండో కొస పట్టుకోవడానికి ఎవరూ ముందుకు రాకముందే, అరవింద్ సార్ రికార్డర్ జేబులో వేసుకుని తనే వంగి పట్టుకున్నాడు. ముప్పై ఆరు అడుగులు.

"నాలుగడుగులు యాడికి పోయినయి పటేలా?" అంది విజయమ్మ. ఊరు ఒక్కసారిగా నవ్వింది. అనంతయ్య "భూమిల కుంగిందేమో" అని కాసేపు వాదించి, చివరికి తనూ నవ్వేశాడు.

అప్పుడు మైకు మాట్లాడింది. "ఈదమ్మవ్వ చెప్పిందే జవాబు." అంతకన్నా ఒక్క మాట ఎక్కువ లేదు.

మాలతి మేడం కళ్లద్దాలు తీసింది. ఫారం పట్టుకుని బయటికి వచ్చిన రేణుక గుమ్మంలోనే ఆగింది. కానీ మేడం వాటిని చెంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది, అంతే. ఫారాన్ని ట్యాంకు పిల్లర్‌కు ఆనించి సంతకం చేసింది. లోపాల గడిలో "ఇక్కడ నేల కొంచెం వాలుగా ఉంది" అని రాసింది. అరవింద్ సార్ "మైకులో గాలి చప్పుడు" అని రాసి, కింద సంతకం పెట్టి, "గాలి" అన్న మాటను కొట్టేయబోయి వదిలేశాడు.

"రెండు నిమిషాలకు పైన ఆగినవ్," అన్నాడు.

"అవును సార్."

"చాయ్ తాగనీకి ఎవరు పోలే," అన్నాడు, తనకు తనే చెప్పుకుంటున్నట్టు.

సోమవారం నిజంగానే బియ్యం వచ్చాయి. పదకొండింటికి గోవిందు మైకులో చెప్పాడు. ఒక్కరూ కదల్లేదు. ఇదేదో ప్రశ్న, జవాబు రేపు వస్తుందిలే అని చేలలో వాళ్లు చేలలోనే ఉండిపోయారు. ముందు వచ్చింది సామ్యూల్ ఒక్కడే. గోడకు తగిలించిన పుణె సంచి తెచ్చుకుని, బియ్యం దాని నిండా పోయించుకుని, భుజాన వేసుకుని ఇంటి దారి పట్టాడు.

నవంబరులో ఆ మైకు ప్రశ్నల సంగతి విని, ఆమె గురించి రాసుకోవడానికి వచ్చిన మనిషిని గద్వాల బస్సు ఎక్కించడానికి రేణుక రోడ్డు దాకా నడిచింది. బస్సు కదలబోతుండగా కిటికీలోంచి ఆఖరి ప్రశ్న పడింది. ఇంతకీ నువ్వు టీచరువా, మీడియా మనిషివా? రేణుక బస్సు పక్కన నాలుగడుగులు నడుస్తూ నవ్వింది.

"ఇయ్యాల చెప్ప. ఒక రాత్రి ఆలోచించుండ్రి."