గొర్రెలు ఈనే రోజుల్లో డాక్టర్ ఆంటీ

డాక్టర్ ఆంటీ పోయారని మంగళవారం పొద్దున్న ఆవిడ కంచె అవతలి పొలం పెద్దాయన వచ్చి చెప్పారు. మా గేటు దగ్గర యూట్ ట్రక్కు ఆపి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నడిచి వస్తుంటేనే నాకు తెలిసిపోయింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. మేత వేసే వేళకి ఆవిడ బయటికి రాకపోయేసరికి ఆయనే వెళ్ళి చూశారట. "గొర్రెలకి నేను మేత వేశాను, వాటి గురించి బెంగ పెట్టుకోకు" అన్నారు. ఆ మాట అన్నాకే టోపీ మళ్ళీ పెట్టుకున్నారు.

ఆగస్టు నెలాఖరు. ఇక్కడ చలికాలం తగ్గుముఖం పడుతూ, వాటిల్ చెట్లు పసుపు ముద్దల్లా పూసి, గొర్రెలు ఈనే రోజులు. ఏడాది మొత్తంలో ఆవిడకి ఇష్టమైన రోజులు ఇవే.

ఆవిడది గుంటూరు. మెల్‌బోర్న్‌కి రెండు గంటల దూరంలో ఉన్న ఈ చిన్న టౌన్ ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు పురుళ్ళు పోశారు. చేతులు వణకడం మొదలయ్యాక ఉద్యోగం మానేసి, భర్తతో కలిసి కొనుక్కున్న పాతికెకరాల్లో గొర్రెలు పెంచుకున్నారు. ఆయన పోయాక, సిడ్నీ పక్క కెల్లీవిల్‌లో ఉండే కూతురు వచ్చెయ్యమని ఎన్నిసార్లు పిలిచినా "అక్కడ డ్రాయింగ్ రూములో నా గొర్రెలని ఎక్కడ పెట్టుకోనే" అనేవారు.

సల్వార్ కమీజ్ మీద భర్త పాత కోటు, కాళ్ళకి గమ్‌బూట్లు, కోటు జేబులో అల్లం టీ ఫ్లాస్కు. గొర్రెలని తెలుగులోనే పిలిచేవారు. ఆవిడ ఊరికి వెళ్ళినప్పుడు వాటిని చూసుకునే ఆ పక్క పొలం పెద్దాయన ఇంగ్లీషులో పిలిస్తే ఒక్కటీ కదిలేది కాదట. చివరికి ఆయన కూడా "రండమ్మా, రండి" అనడం నేర్చుకున్నారు.

మేం మెల్‌బోర్న్ క్లేటన్‌లో ఇల్లు వదిలి ఇక్కడికి వచ్చి నాలుగేళ్ళయింది. ఎందుకు వచ్చామో అప్పట్లో ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదో నెలలో మా పాప కడుపులోనే పోయింది. ఆ తర్వాత తెలిసినవాళ్ళ ఇళ్ళకి వెళ్ళడం మానేశాను. వెళితే ఎవరో ఒకరి ఒళ్ళో పసిబిడ్డ ఉండేది. మా ఆయనకి ఇంటి నుంచి పని చేసుకునే వీలుంది కాబట్టి దూరంగా వచ్చేశాం. వచ్చిన మొదటి మూడు నెలలూ నేను గేటు దాటలేదు.

అప్పుడు ఒక ఆగస్టు మధ్యాహ్నం ఆంటీ ఫోన్ చేశారు. అంతకుముందు మా ఇంటికి ఒక్కసారి నిమ్మకాయలు తెచ్చి ఇచ్చారు, అంతే పరిచయం.

"అమ్మాయ్, ఈ ఆఫ్టర్నూన్ ఖాళీయేనా? ఒక గొర్రె కష్టపడుతోంది. వెట్ రావడానికి టూ అవర్స్ పడుతుందట. నా హ్యాండ్స్ షేక్ అవుతున్నాయి, నీవి చిన్న చేతులు."

"నాకేమీ తెలీదు ఆంటీ."

"నాకు తెలుసుగా. నువ్వు చెయ్యి ఇస్తే చాలు."

షెడ్డులో గడ్డి మీద గొర్రె పడుకుని మూలుగుతోంది. ఆంటీ నా చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడిగించి, పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క మాటే చెప్పారు. "తల తగిలిందా? దాని కింద కాలు వెతుకు. ఒకటే ఉందా? రెండోది వెనక్కి మడతపడింది. కంగారు పడకు. అర్జెంటు అయినప్పుడే నెమ్మదిగా చెయ్యాలి." మడతపడిన కాలు చేతికి దొరికింది, మెల్లగా ముందుకి తెచ్చాను, పిల్ల బయటికి జారింది. దానిలో ఊపిరి లేదు.

నేను దాన్ని చాటుకి తీసెయ్యబోయాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుని ఆపారు. "ఉండనీ. తల్లి దాన్ని చూసుకోనీ."

గొర్రె ఆ పిల్లని చాలాసేపు నాకింది. నేను చూస్తూ ఉండిపోయాను. ఆస్పత్రిలో నన్నూ అడిగారు, పాపని ఎత్తుకుంటారా అని. నేను వద్దని ముఖం తిప్పుకున్నాను. ఆ మాట నా భర్తతో కూడా మళ్ళీ ఎత్తలేదు. ఆ షెడ్డులో, రక్తం అంటిన చేతులతో, ఆంటీకి చెప్పేశాను.

ఆవిడ అయ్యో అనలేదు. "పేరు పెట్టుకున్నారా?" అని అడిగారు.

"పెట్టుకున్నాం. ఎవరికీ చెప్పలేదు."

"నాకు చెప్పు."

చెప్పాను. ఆవిడ ఆ పేరుని ఒకసారి, నెమ్మదిగా, పూర్తిగా పలికారు. ఇంకొకరి నోట ఆ పేరు వినడం నాకు అదే మొదటిసారి. అప్పుడు ఏడ్చాను. అంతలో గొర్రె మళ్ళీ ముక్కింది. "ఏడుపు తర్వాత, ఇంకోటి ఉన్నట్టుంది, చూడు" అని కసిరారు. ఉంది. అది బతికింది. ఆంటీ ఫ్లాస్కు మూతలో నాకు టీ పోస్తుంటే సగం కింద ఒలికింది, ఇద్దరం నవ్వాం.

ఆ తర్వాత ఏటా ఈ కాలంలో నేను ఆవిడకి చేతులయ్యాను. ఆవిడ మెత్తని మనిషేమీ కాదు. గేటు గొళ్ళెం మరిచిపోతే ఫోన్ చేసి మరీ చీవాట్లు పెట్టేవారు. కానీ ప్రతి ఆగస్టులో, పాప పోయిన తారీఖున, ఏదో పనిలో ఉండగా "ఈపాటికి దానికి ఇన్నేళ్ళు వచ్చి ఉండేవి" అని పేరుతో సహా అనేవారు. అని, మళ్ళీ పనిలో పడేవారు. ఈ ఏడూ అన్నారు. పోవడానికి తొమ్మిది రోజుల ముందు.

శుక్రవారం ఆవిడ సంతాప సభకి టౌన్ హాల్లో జనం పట్టలేదు. ఆవిడ పురుడు పోసిన పిల్లలు, ఇప్పుడు గడ్డాలు నెరుస్తున్న వాళ్ళు, గోడల వెంట నిలబడ్డారు. కూతురు నా రెండు చేతులూ పట్టుకుని "అమ్మ నీ గురించి చెప్పేది" అంది.

శనివారం పొద్దున్నే మేత వేయడానికి ఆవిడ పొలానికి వెళ్ళాను. రాత్రి మంచు బాగా కురిసి గడ్డంతా ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. నన్ను చూసి గొర్రెలు, వాటి పిల్లలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. అవి పడుకున్న చోట మాత్రం మంచు లేదు. తెల్లటి నేల మీద పచ్చని గుండ్రాలు, పెద్దదాని పక్కనే ఒక చిన్నది. గ్లవుజు తీసి ఆ చిన్నదాని మీద అరచెయ్యి ఆనించాను. ఇంకా వెచ్చగా ఉంది.