నడుముకు కట్టుకున్న దొర

కాలు విరగడం దురదృష్టం. ఆ విరిగిన కాలుతోనే ఇంటిల్లిపాదినీ ఏడిపించడం మాత్రం ప్రజ్ఞ. అది అందరికీ అబ్బదు. నాకు పాతికేళ్ళకే అబ్బింది, వినండి.

యుద్ధం వచ్చి, నూలుకు కంట్రోలు పెట్టిన రోజులు. మైదుకూరు దగ్గర చేనేత వీధి మాది. మహానంది నుంచి వస్తూ బండి మీద నిద్రపోయిన నేను బండి కింద మేలుకున్నాను. చక్రం ఎక్కి మోకాలి కింద ఎముక రెండు ముక్కలైంది. విరిగిన ఎముకలకు కట్లు కట్టే మస్తాన్ సాయిబు వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. అది సరిగ్గా అతక్కపోతే మగ్గం తొక్కలేను. తొక్కకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. పడుకుంటే ఈ భయం, లేస్తే షికారు మీద మనసు!

ఆరో వారం సాయిబు రెండు చేతికర్రలు ఇచ్చి, "పెరట్లోనే నడువప్పా. తోడు లేకుండా గడప దాటొద్దు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే గడప దగ్గర మా ఆవిడ రంగమ్మ పట్టుకుంది.

"యాడికి పోతాండావు?"

"వీధి చివరి దాకా. తోడుండాదిలే."

తోడంటే మా కుక్క దొర. ఏ పనీ చెయ్యకుండా వేళకు తింటుంది కాబట్టి ఆ పేరు.

"మా నాయన వీధిలో పడుగు చాపి గంజి పెడతాండాడు. మనకు దొరికిన నూలంతా అదే. కుక్కను వదలబాకు!"

"వదలను. నేనేమన్నా పిచ్చోన్నా?"

వదల్లేదండీ. రెండు చేతుల్లోనూ కర్రలు కదా, తాడు నడుముకు కట్టుకున్నాను.

వీధి పొడుగునా నడుమెత్తున పడుగు పోగులు బిగిసి ఉన్నాయి. "ఏమప్పా, లేచినావా!" అని ఎవరో పలకరిస్తే, కలెక్టరులా ఒక కర్ర ఎత్తి సలాం పెట్టాను. సరిగ్గా అప్పుడే పడుగుకు అవతల ఉన్న గంజి బాన వాసన దొర ముక్కుకు తగిలింది. దొర పోగుల కింద దూరి వెళ్ళింది. కింద దూరే జీవిని కాను కదా, నేను మధ్యలోంచి వెళ్ళాను. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినవాళ్ళు ఉన్నారో లేదో గానీ, కుక్క తాడు కట్టుకుని పడుగు ఈదినవాణ్ణి మాత్రం నేనే.

"అయ్యో, కాలు!" అని రంగమ్మ.

"అయ్యో, పడుగు!" అని మామ.

దొర ఏమీ అనలేదు. గంజి తాగుతోంది.

మామ తెగిన పోగులు అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశాడు. తిడతాడనుకున్నాను.

"కాలు నొప్పి చేసిందా, అల్లుడా?" అన్నాడు.

తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. వీధిలోనే ఏడ్చాను.

కాలికేమీ కాలేదు గానీ పోగులు సగానికి సగం తెగాయి. వేరే నూలు లేదు. రంగమ్మ పడుగును వసారాలోకి చేర్పించి, పక్కనే నన్ను కాలు చాపి కూర్చోబెట్టింది.

"అతుకు" అంది.

పద్దెనిమిది రోజులు అతికాను. గడప వైపు చూస్తే చాలు, గట్టిగా దగ్గేది. చివరికి పడుగు మగ్గమెక్కింది.

సాయిబు వచ్చి కట్టు విప్పి, ఎముక తడిమి మురిసిపోయాడు. "శానా బాగా అతికింది! చెప్పినట్టు కదలకుండా కూర్చున్నావు. నీయంత బుద్ధిమంతుణ్ణి నేను యాడా చూల్లేదప్పా!"

రంగమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ నవ్వాపుకోవడానికి తల పైకెత్తి ఇంటి వాసాలు లెక్కపెట్టసాగాడు. నేను మాత్రం అక్కడికక్కడే ఇలవేల్పు సాక్షిగా ప్రమాణం చేశాను: ఈ జన్మలో నడుముకు మొలతాడు తప్ప మరే తాడూ కట్టను.