పది జతలే, ఇరవై కాదు

శనివారం పొద్దున పక్కింటి లెక్కల అయ్యవారు పోయారని కబురొచ్చింది. దుఃఖం కంటే ముందు నాకు కోపమొచ్చింది. సోదరులారా, దాచను. ఒక్కరోజు ఆగి ఉంటే నా ఓటమి ఆయన చెవిన పడేది.

వ్యాసర్పాడిలో మా రెండిళ్ళకూ నడుమ ఒకటే పొట్టి గోడ. నేను పాస్టర్ని. ఇరవయ్యేళ్ళు ఆయన నన్ను ఇంట్లో నెమ్మదిగా ప్రసంగం వల్లె వేసుకోనివ్వలేదు. నేను "అద్భుతం!" అని గొంతెత్తితే చాలు, అవతలినుంచి "ఎన్ని విధాలుగా జరగొచ్చు? లెక్కేసినావా?" అని వచ్చేది. ఆయనకు చొక్కాలు మూడు, పంచెలు రెండు. "మూడు రెళ్ళు ఆరు. సోమవారం నించి రోజుకొక వేషం" అనేవారు. ఆదివారం మాటేమిటంటే, "మళ్ళీ మొదటిదే. నీ దేవుడు కూడా ఆరు దినాలే గదప్పా పనిచేసింది!" పరిశుద్ధ గ్రంథం చదివినవాణ్ణి, సృష్టి ఆరు దినాల్లోనే అయిందని ఒప్పుకోవాల్సి వచ్చింది.

మా సభలో వాక్యం చదివే స్త్రీలు ఐదుగురు. వారం వారం ఐదు చీట్లలో రెండు తీస్తాం. ఆ ఇద్దరూ చదువుతారు. చీట్లు రాసి మడిచేది ఆ ఐదుగురిలో ఒకతె, మా వీధి టైలరమ్మ. ఆ మధ్య వరుసగా రెండు వారాలు ఆమె, ఆమె వదిన, అదే జత వచ్చింది. నేను వేదిక మీదే "చీట్లలో కపటం చేసిన చేతికి శాపం!" అని ఉరిమాను. పేరు చెప్పలేదు, చెప్పక్కర్లేకపోయింది. ఆమె సభకు రావడం మానేసింది.

ఆ సాయంత్రమే అయ్యవారు గోడ దగ్గరికి వచ్చారు.

"ఐదుగురిలో ఇద్దర్ని ఎన్ని రకాలుగా తియ్యొచ్చు, చెప్పబ్బా."

"మొదటి చీటీకి ఐదుగురు, రెండోదానికి నలుగురు. ఇరవై! ఇరవైలో మళ్ళీ అదే జతంటే మోసం కాక ఏంది అయ్యవారూ?"

"వదిన పేరు ముందొస్తే ఒక జత, వెనకొస్తే ఇంకో జతా? ఆ ఇద్దరే గదా! ఒక్కో జతనీ రెండుసార్లు లెక్కేసినావు. ఉండేది పదే. పోయిన వారం జతే మళ్ళీ రావడం పదిలో ఒక వంతు, వింతేం కాదు. పది జతల్లో నాలుగింట్లో ఆ బిడ్డ పేరుంటుంది. దీనికి శాపం పెడతావా? ఆడ నిలబడి అన్నావు, ఆడే నిలబడి తప్పని చెప్పు."

మూడు వారాలు వాదించాను. గ్రంథంలో చీట్లు వేసిన చోట్లన్నీ చూపించాను. ఆయన విసుగెత్తి, చాక్‌పీసుతో గోడ మీద పది జతలూ రాసి పోయారు. పదకొండోది వెతికాను, దొరకలేదు. శుక్రవారం, "ఆదివారం చెప్తా" అని ఒప్పుకున్నాను.

"సరి, నేనూ వస్తా. మొదటి వేషంలో."

ఆయన రాలేదు. టైలరమ్మ ఇంటికి నేనే వెళ్ళి పిలుచుకొచ్చాను. వేదిక మీద చెప్పాను: "పది జతలే. తప్పు నా లెక్కది. ఈమె చెయ్యి శుద్ధమైనది." ఆమె చీట్లు మడిచింది. దేవుడు అందరి ముందూ ఆమె పేరే తియ్యాలని లోలోపల ప్రార్థించాను. రాలేదు!

నా మొహం చూసి ఆమే నవ్వింది. "పదిలో ఆరు జతల్లో నేను ఉండను గదన్నా. అయ్యవారు నాకూ చెప్పినారు."

ఇంటికొచ్చాను. గోడ మీద చాక్‌పీసు రాతలు అట్లాగే ఉన్నాయి. గోడ అవతల, ఆయన కూతురు ఉతికి ఆరేసిన మూడు చొక్కాలూ రెండు పంచెలూ దండెం మీద గాలికి ఒకదాన్నొకటి తాకి విడిపోతున్నాయి.