బతుకుతావు, మంచినీళ్లు తాగు

మా అమ్మమ్మ ఒకప్పుడు ఒక యుద్ధాన్ని అరగంటసేపు ఆపేసింది. అటువాళ్లనీ ఇటువాళ్లనీ ఒకే వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కడి మణికట్టూ పట్టుకుని నాడి చూసి, "బతుకుతావు, మంచినీళ్లు తాగు" అని పంపించేసింది. రెండు సైన్యాలూ నీళ్లకోసం వెళ్లిపోవడంతో పోరాడ్డానికి పురుగు మిగల్లేదు. నమ్మనివాళ్లు మా వీధిలో ఎవర్నైనా అడగొచ్చు. వాళ్లందరికీ చెప్పింది నేనే.

సైన్యం ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరై వచ్చిన ఆవిడకి ఒకే ఒక్క జబ్బు: కనిపించిన ప్రతివాడి నాడీ చూడటం. గుమ్మంలో నిలబడి పలకరింపుగా చెయ్యి ఊపితే చాలు, ఊపిన చెయ్యి ఇక వెనక్కి వెళ్లేది కాదు. పోస్టుమాన్, కరెంటు మీటరు చూసేవాడు, తప్పు చిరునామాకి వచ్చినవాడు, ఎవరైనా సరే. జాకెట్టు మీద పిన్నుతో తలకిందులుగా వేలాడే నర్సుల గడియారాన్ని తనవైపు ఎత్తిపట్టుకుని, పెదవులు కదుపుతూ లెక్కపెట్టేది. లెక్క కాగానే దాని ముఖాన్ని జాకెట్టువైపు తిప్పేసేది; మాకు దాని వీపు తప్ప ముఖం ఏనాడూ కనబడలేదు.

"సిస్టరమ్మా, ఎలాగూ చూస్తున్నారుగా, టైమెంతయింది?" అని ఎవరైనా అడిగితే గదిమేది.

"ఇది టైము చూసే గడియారం కాదు, నాడి చూసేది. మాట్లాడకు, లెక్క తప్పుతుంది."

ఈ 'మాట్లాడకు' దెబ్బకి మా ఇంట్లో ఒక్క తగాదా అయినా సవ్యంగా ముగిసింది లేదు. మా నాన్న కోపంతో ఊగిపోతూ వచ్చేవాడు.

"అత్తయ్యగారూ, ఈ ఇంట్లో నా మాటకి విలువుందా, లేదా?"

"లేకేం నాయనా. చెయ్యి ఇలా ఇవ్వు."

"చెయ్యెందుకండీ? నేనడిగేది..."

"ఉష్."

ఆవిడ లెక్క పూర్తయ్యేసరికి తానెందుకు అరిచాడో నాన్నకే గుర్తుండేది కాదు. "బతుకుతావు. మంచినీళ్లు తాగు." తాగేవాడు.

అక్క పెళ్లి ఫొటోలు చూసినవాళ్లు, ఈ పెళ్లికొడుకు చేసుకున్నది మీ అక్కనా, మీ అమ్మమ్మనా అని ఇప్పటికీ అడుగుతారు. ప్రతి ఫొటోలోనూ అతగాడి చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది మరి.

ఇక నా చదువు సంగతి. కాలేజీని నేను మానేశానని నేనంటాను, కాలేజీయే నన్ను మానేసిందని ప్రిన్సిపాలంటాడు. ఆ పంచాయితీకి అమ్మమ్మ వచ్చింది. ఆయన నా ఘనకార్యాలు ఏకరువు పెడుతుంటే, బల్లమీదుగా చెయ్యి చాపి ఆయన మణికట్టు దొరకబుచ్చుకుంది. ఆయన ఏకరువు ఆపేసి, "ఈమధ్య సరిగా నిద్ర పట్టడం లేదండీ" అన్నాడు, చంటిపిల్లాడిలా. నా పేరు కొట్టేయడం మాత్రం మానలేదు. కానీ కొట్టేసి, మమ్మల్ని గేటుదాకా వచ్చి సాగనంపాడు.

"ముసలావిడ పిచ్చికి ప్రిన్సిపాలే పడిపోయాడ్రా!" అని ఊరంతా తిరిగి పగలబడి నవ్వాను. అలా నవ్వుతుండగానే పొట్టలో కుడివైపు ఎవరో గునపం దించినట్టయింది.

అపెండిక్సు. ఆలస్యమైతే లోపలే చితికి ప్రాణం మీదికొస్తుంది, వెంటనే కోయాలన్నారు. మత్తు లేకుండా పన్ను పీకించుకున్న మొనగాడినని, పిచ్చికుక్కని కంటిచూపుతో వెనక్కి నడిపించానని నాకు వీధిలో పేరుంది. ప్రచారకర్త ఎవరో మళ్లీ చెప్పక్కర్లేదు. అంచేత స్నేహితులు వార్డుకొచ్చి, "వీడికి మత్తుమందెందుకు డాక్టరుగారూ, శుద్ధ దండగ" అని సిఫార్సు కూడా చేశారు. వాళ్లముందు మీసం దువ్వాను. వాళ్లు గడప దాటగానే ఒక చేత్తో పొట్ట, ఇంకో చేత్తో ఆసుపత్రి గౌను వెనక ముడి పట్టుకుని మెట్లవైపు ఉడాయించాను.

మెట్ల మలుపులో అమ్మమ్మ.

"ఎక్కడికిరా?"

"కాస్త గాలికి."

"గాలి లోపల కూడా ఉంది. చెయ్యివ్వు."

ఎందుకు పారిపోతున్నావని అడగలేదు. లెక్కపెడుతూనే నడిపించుకొచ్చి చక్రాల మంచం మీద పడుకోబెట్టింది. వార్డు మనిషి మంచం తోస్తుంటే, పట్టు వదలకుండా పక్కనే నడిచింది. వంగి నా నుదుటి చెమట తుడిచినప్పుడు ఆ గడియారం వచ్చి సరిగ్గా నా ముక్కుమీద వేలాడింది. మొదటిసారి దాని ముఖం చూశాను. అద్దం లోపల నీటిమరక. సెకన్ల ముల్లు కదలటం లేదు.

"అమ్మమ్మా, ఇది ఆగిపోయింది!"

"తెలుసు."

"ఎప్పుడు?"

"సైన్యంలో ఉన్నప్పుడే."

"మరి ఇన్నేళ్లూ ఏం లెక్కపెట్టావే?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "కాలు పోయినవాడైనా సరే, 'భయంగా ఉంది సిస్టర్, చెయ్యి పట్టుకోండి' అని అడుగుతాడట్రా? తుపాకీ పట్టినవాడికి పరువెక్కువ. నాడి చూస్తానంటే మటుకు బుద్ధిగా ఇస్తాడు. నీబోటివాడే."

థియేటరు తలుపు దగ్గర నర్సు అడ్డుపడింది. "ఇక వదలండమ్మా."

"లెక్క కాలేదు" అంది అమ్మమ్మ.

"కాలేదు" అన్నాను నేను కూడా.

ఆ నర్సు ఆగిపోయిన గడియారం వంక చూసింది, నా మొహం వంక చూసింది, థియేటర్లో వేసుకునే టోపీ ఒకటి తెచ్చి అమ్మమ్మకి కూడా తొడిగింది.

"బతుకుతానా?" అన్నాను మత్తు ఎక్కుతుండగా.

"బతుకుతావు. మంచినీళ్లు మాత్రం ఇప్పుడు కాదు."

అమ్మమ్మ బతికున్నన్నాళ్లూ, ఆవిడ యుద్ధం ఆపిందనీ, నేను నవ్వుతూ ఆపరేషనుకి వెళ్లాననీ ఆవిడ ఎదురుగానే చెప్పేవాణ్ణి. ఇప్పుడు అడ్డు చెప్పేవాళ్లు లేరు కదా, అరగంటని హాయిగా ఒక పూటకి సాగదీద్దామని నోరు తెరుస్తాను. తెరవగానే మణికట్టు మీద చల్లటి వేళ్లు ఆనినట్టుంటుంది. నా కథ విన్నవాళ్లందరికీ ఆవిడ ఒక్క గుక్కలో అప్పజెప్పే ముక్కలే మళ్లీ వినబడతాయి:

"యుద్ధాన్ని నేనాపలేదు. వాన పడి ఆగింది. గడియారం కూడా ఆ వానలోనే ఆగింది. వీడు నవ్వలేదు, ఏడ్చాడు. కాసిని మంచినీళ్లివ్వండి వీడికి."