పోలంకలు దిగని రేవు

పోయిన ఆదివారం పొద్దున, మంగళగిరిలో నేను అద్దెకుండే గది కింద సందులో ఎవరో పాత పరుపు విప్పించి దూది ఏకిస్తుంటే, ఆ వాసన మెట్లెక్కి నా గదిలోకి వచ్చింది. ఏళ్ల తరబడి మనుషుల నిద్రనీ చెమటనీ తలనూనెనీ పీల్చుకున్న దూది మిషన్లో పడి చెదిరేటప్పుడు వచ్చే ఆ వాసనకి చాలామంది ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం తలనిండా, కనుబొమల నిండా దూది పింజలతో నవ్వుతున్న మా నాన్న కనిపిస్తాడు. కిందికి వెళ్లి ఆ పనిచేసే మనిషిని పలకరించాలని రెండుసార్లు తలుపు దాకా వెళ్లాను. కొత్తవాళ్లతో మాట కలపడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. వెనక్కి వచ్చి డైరీ తెరిచాను. అందులో రాసుకున్నదే ఇది.

మా ఊరు గుంటూరు నుంచి ఒంగోలు వైపు పోయేటప్పుడు పెద్దరోడ్డు దిగి చాలాదూరం లోపలికి పోతే వచ్చే నల్లరేగడి పల్లె. ఒకవైపు పత్తి, ఒకవైపు మిరప, రెంటికీ నడుమ నాగలి పెట్టినా ఏమీ పండదని వదిలేసిన చౌడు బీడు. తాతల నాటి నుంచి మాది దూది ఏకే ఇల్లు. చలి మొదలయ్యే ముందు ఊరూరా జనం పరుపులు విప్పించుకునేవారు. అప్పుడు మా వసారాలో నడుమెత్తు దూది గుట్ట పడితే నేను అందులో గొంతు దాకా కూరుకుపోయి, అమ్మ వచ్చి చెవి పట్టుకుని లాగేదాకా కథల పుస్తకం చదువుకునేదాన్ని. పీర్ల పండక్కి బెల్లమూ నెయ్యీ పిసికి చేసిన మలీదా, రంజానుకి జీడిపప్పు తేలే సేమ్యా, మిరప కోతలప్పుడు కల్లాల నిండా ఎర్రగా పరుచుకున్న కాయలు, ఆ ఘాటుకి ఇంటింటా తుమ్ములు, కొత్త పండుమిరపకాయలు చింతపండుతో కలిపి రోట్లో తొక్కి, వేడన్నంలో నెయ్యి వేసి అమ్మ పెట్టే ముద్ద... మా ఇంట్లో ఏడాది ఇలా గడిచేది.

నాన్న పేరు మస్తాన్. మిషను వెనక కట్టుకుని టీవీయస్ బండి మీద పక్క ఊళ్లకి పోయేటప్పుడు బీడుకి అడ్డంగా పోయేవాడు. ఆ బీడు మధ్యలో వానకి నిండి వేసవి దాకా కొద్దికొద్దిగా ఎండే ఒక కుంట ఉండేది. గట్టూ లేదు, చెట్టూ లేదు, అన్నం పళ్లెంలా చుట్టూ వాలుగా, అంచంతా తడిమట్టి. ఆ కుంటకి రోజూ ఎండ కాస్త ఎక్కాక పోలంకలు వచ్చేవి. పోలంక అంటే పావురమంత పిట్ట, మట్టిరంగు ఒళ్లు, సూదిలాంటి తోక. నేలమీద కూర్చుంటే పక్కనే ఉన్నా కనపడదు. గుంపుగా వచ్చి, కుంటకి కాస్త దూరంగా దిగి, చుట్టూ ఎవరూ లేరని నమ్మకం కుదిరాకే నడుచుకుంటూ నీళ్లలోకి వచ్చి, గబగబా నాలుగు గుక్కలు తాగి ఎగిరిపోయేవి.

గుంటూరులో ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే సరళ మేడం మా ఊళ్లో చుట్టాలింటి పెళ్లికి వచ్చినప్పుడు, పరుపులు కుడుతున్న నాన్న మాటల మధ్యలో ఆమెకి ఈ పిట్టల సంగతి చెప్పాడు. మర్నాడు ఆమెని తీసుకెళ్లి చూపించాడు. తరవాతి నెలలో ఆమె స్నేహితుల్ని వెంటబెట్టుకుని బైనాక్యులర్లతో వచ్చారు. ఆ పైన ఆమె చెప్పిన వాళ్లు, వాళ్లు చెప్పిన వాళ్లు విజయవాడ నుంచీ ఒంగోలు నుంచీ రావడం మొదలైంది. ఆమె దగ్గర నాన్న పిట్టల పేర్లూ, అవి ఎక్కడెక్కడి నుంచి వస్తాయో నేర్చుకున్నాడు. ఆమె నాన్న దగ్గర నేలమీద బోర్లా పడుకుని కదలకుండా ఉండటం నేర్చుకున్నారు. చలికాలమంతా ప్రతి ఆదివారం పొద్దున మా ఇంటి ముందు కార్లు ఆగేవి.

శనివారం సాయంత్రం నాన్న నన్ను వెంటబెట్టుకుని మర్నాటి దారంతా ముందుగా నడిచి చూసేవాడు. ఎవరి చేలో నీళ్లు పెట్టారో, ఎక్కడ బురదైందో, ఎవరు మందు కొట్టారో కనుక్కునేవాడు. మందు కొట్టిన పత్తి పక్కకి ఎవర్నీ తీసుకుపోయేవాడు కాదు. ఎండ వీపు మీద పడేలా, గాలి ఎదురుగా వచ్చేలా దారి మార్చేవాడు. పల్లేరుకాయలు ఎక్కువున్న చోట చెప్పులతో తొక్కి పక్కకి నెట్టేవాడు. ఆడవాళ్లకి చాటుండే సర్కారుతుమ్మ పొద ఒకటి చూసి, నాకు చూపించి, "ఇది నువ్వే చెప్పాలమ్మా వాళ్లకి, నేను చెప్తే బాగోదు" అనేవాడు. అది చెప్పాలంటే నాకు ప్రాణం మీదికొచ్చేది. ఎవరో ఒకావిడ దగ్గరికి వెళ్లి కొంగు లాగి, వేలితో చూపించి వచ్చేసేదాన్ని.

ఎర్ర చీరలకీ తెల్ల చొక్కాలకీ పిట్టలు బెదురుతాయని నాన్న మిగిలిపోయిన పరుపుగుడ్డని తుమ్మచెక్క రంగులో ఉడకబెట్టి, లోపల పలచగా దూది పెట్టి బొంతలు కుట్టాడు. కుంటకి దూరంగా వాటి మీద పడుకున్నా కూర్చున్నా, పైన కప్పుకున్నా నేలలో కలిసిపోవాలని. వాటిని ఎండకేస్తూ అమ్మ సణిగేది.

"ఊళ్లోవాళ్ల పరుపులన్నీ చీకిపోతుంటే ఈయన పిట్టలకి పరుపులు కుడుతున్నాడు."

"పిట్టలకి కాదే, పిట్టల చుట్టాలకి" అనేవాడు నాన్న.

నడకలో నాన్న ముందు, నేను చిట్టచివర. ఎవరూ వెనకపడకుండా, చేలకి కట్టిన తడికెలు మళ్లీ మూసేలా చూడటం నా పని. చివర నడిచేవాళ్లతో ఎవరూ మాట్లాడరు కాబట్టి ఆ పని నాకు ప్రాణంతో సమానం. నాన్న దారిపొడుగునా పాలపిట్టనీ, చేలమీద తేలుతూ పోయే పిల్లిగద్దనీ, ఉడుము పాకిన జాడనీ చూపిస్తూ మాట్లాడుతూనే ఉండేవాడు. "పోలంకలు చూపిస్తాను" అని మాత్రం ఎప్పుడూ అనేవాడు కాదు. "వాటికి దాహమేస్తే వస్తాయండీ, మన అదృష్టం" అనేవాడు. ఒకసారి విజయవాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తీరా పిట్టలు దిగాక, "ఇంత దూరం నడిపించి పావురాల్ని చూపిస్తున్నావేంటయ్యా?" అని గట్టిగా గుసగుసలాడాడు. నాన్న నోటికి వేలు అడ్డం పెట్టుకుని, "పావురాలైతే మీ ఇంటి సజ్జ మీదే చూసుకోమనేవాణ్ణి గదండీ" అన్నాడు. బొంతల కింద అందరూ నవ్వాపుకోలేక వణికిపోయారు.

మిరప కోతల నాటికి పోలంకలు పిల్లల్ని చేసేవి. అప్పుడు మగపిట్ట నీళ్లు తాగి ఊరుకునేది కాదు. నీళ్లలో పొట్ట దాకా కూర్చుని, అటూ ఇటూ ఊగి, పొట్ట ఈకలు తడిసి బరువెక్కాక ఎగిరేది. బీడులో ఎక్కడో ఉన్న పిల్లలు ఆ ఈకల్ని ముక్కులతో జుర్రి దాహం తీర్చుకుంటాయని సరళ మేడం మెల్లగా చెప్పేవారు. నడక అయ్యాక మా వసారాలో ఉప్మా తింటూ అందరూ ఆ సంగతే మళ్లీ మళ్లీ చెప్పుకునేవారు.

ఆ రోజుల్లోనే మినీలారీల మీద మైకు పెట్టుకుని ఫోము పరుపులు అమ్మేవాళ్లు ఊళ్లోకి రావడం ఎక్కువైంది. దూది ఏకించుకునే ఇళ్లు తగ్గిపోయాయి. ఒకరోజు అన్నం తింటూ నాన్న అమ్మతో, "ఇంకో రెండు చలికాలాలు ఇట్టా జనం వస్తే మిషను అమ్మేసి ఇదే పని చేసుకుంటా. నాకిది తృప్తిగా ఉంది" అన్నాడు. అమ్మ ఏమీ సణగలేదు. ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసింది. ఆ మాట ఆయన ఎంత గట్టిగా అనుకున్నాడో నాకు ఆ పప్పు వడ్డించిన తీరులోనే అర్థమైంది.

తరవాతి ఏడు సరళ మేడం వాళ్లమ్మగారిని తీసుకొచ్చారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. నేలమీద కూర్చోలేరు, కూర్చున్నా లేవలేరు. దూరంగా ఒక పొదని పట్టుకుని నిలబడే ఉన్నారు. ఆవిడ నిలబడటం వల్ల ఆ రోజు పోలంకలు చాలా ఆలస్యంగా దిగాయి. తిరిగొచ్చేటప్పుడు ఆవిడ నాన్నతో, "నా వల్ల నీ పిట్టలు ఎండలో ఎదురుచూశాయి నాయనా" అన్నారు. ఇంటికొచ్చిన చుట్టం నిలబడే వెళ్లిపోయినంత బాధ పడ్డాడు నాన్న. వారం తిరక్కుండా మా ఊరి ప్రెసిడెంటు గారు మంచి మనసుతోనే, "మస్తానూ, నీ వల్ల మన ఊరి పేరు నలుగురికీ తెలిసింది. ఊరి తరఫున ఏం చెయ్యమంటావో అడుగు" అన్నారు. నాన్న చేతులు నలుపుకుంటూ, "పెద్దవాళ్లు కూర్చోడానికి కాస్త చోటుంటే బాగుండండీ" అన్నాడు.

ఆయన అడిగింది నాలుగు బల్లలు. ఊరు ఆయనకి ఇవ్వదలుచుకున్నది అంతకంటే చాలా ఎక్కువ. ఆ వేసవిలో జేసీబీ వచ్చి కుంటని లోతుగా తవ్వింది. ఎండాకాలం కూడా నీళ్లుండాలని. వాలుగా ఉన్న అంచుల్ని నిలువుగా చెక్కి, ఒకపక్క సిమెంటు మెట్ల రేవు కట్టారు. రేవు మీద రేకుల కప్పు, దాని కింద బల్లలు, చుట్టూ నీడకి కానుగ మొక్కలు, గోడమీద రంగురంగుల నెమలి బొమ్మ. పని జరుగుతున్నన్నాళ్లూ నాన్న మజ్జిగ కుండ మోసుకెళ్లి పనివాళ్లకి పోశాడు. కొబ్బరికాయ కొట్టే రోజు రంజానుకి కుట్టించుకున్న చొక్కా వేసుకుని ముందు వరసలో నిలబడ్డాడు. ప్రెసిడెంటు గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఇది మా మస్తాన్ రేవు" అంటే అందరూ చప్పట్లు కొట్టారు. సరళ మేడం ఆ వేసవిలో గుంటూరులో లేరు, ఆమెకి ఎవరూ ఈ సంగతి చెప్పలేదు.

చలికాలం మొదటి ఆదివారం రెండు కార్లు, ఒక వ్యానూ వచ్చాయి. ఈసారి ఎవరూ నేలమీద పడుకోనక్కరలేదు. అందరూ రేకుల నీడలో హాయిగా బల్లల మీద కూర్చున్నారు. ఎండెక్కాక దూరం నుంచి పోలంకల అరుపు వినిపించింది. గుంపు వచ్చింది. కుంట మీద ఒక చుట్టు తిరిగింది. దిగడానికి వాలు లేదు, నడిచొచ్చే తడిమట్టి లేదు, ఎటు చూసినా ఏదో పొంచి ఉండగల చాటు, ఎటు చూసినా మనుషులు. ఇంకో చుట్టు తిరిగింది, ఇంకా కిందుగా. ఎండకి వాటి రెక్కలు మెరిశాయి. ఎగురుతున్న పోలంకల్ని అంత దగ్గరగా అంతకుముందు ఎవరూ చూడలేదు. వచ్చినవాళ్లు సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టారు. పిట్టలు గుంపంతా ఒక్కసారిగా తిరిగి, చేల మీదుగా పోయి కనపడకుండా పోయాయి.

"అద్భుతం మస్తాన్ గారూ! మన కోసమే ప్రదక్షిణ చేసినట్టుంది" అన్నారెవరో.

నాన్న నవ్వాడు. నేను ఎప్పట్లాగే చివర ఉన్నాను కాబట్టి ఆయన ముఖం నాకు పక్కనుంచి కనిపించింది. నోరు నవ్వుతోంది, కళ్లు ఆ పిట్టలు పోయిన వైపే ఉన్నాయి.

పోలంకలు ఇంకో రెండు వారాలు అలాగే వచ్చి చుట్టు తిరిగి పోయాయి, ఆ తరవాత రావడం మానేశాయి. సరళ మేడం వచ్చి రేవు చూసి, "నన్నొకమాట అడగాల్సింది మస్తాన్ గారూ" అని మాత్రం అన్నారు. రేవు వల్లే పిట్టలు రావడంలేదని ఊరికి చెబుదామని ఆమె లేచారు. నాన్న వద్దని బతిమాలుకున్నాడు. "వాళ్లు నా కోసం చేశారండీ. ఎట్టా చెప్తాం?" అన్నాడు. బీడులో ఇంకోచోట తనే పారతో పళ్లెంలాంటి గుంట తవ్వి, పాత పరుపుల రెక్సిను పరిచి మట్టి కప్పి, బండిమీద క్యాన్లతో నీళ్లు మోసి చలికాలమంతా నింపాడు. గోరింకలు తాగాయి, గువ్వలు తాగాయి, ఒక నక్క వచ్చిన జాడ కూడా కనిపించింది. పోలంకలు మాత్రం రాలేదు. పిట్టలెందుకు రావడంలేదని ఊళ్లో అడిగితే మిరపకి కొట్టే మందుల వల్ల అనేవాడు. అందరూ తలలూపేవారు. కార్లు తగ్గి తగ్గి ఆగిపోయాయి. ఆయన మిషను అమ్మలేదు. ఇప్పుడు చిలకలూరిపేటలో ఒక ఫోము పరుపుల కొట్లో పనికి పోతున్నాడు.

ఇప్పుడు వెళ్లి చూస్తే ఆ కుంట నిజంగా అందంగానే ఉంటుంది. కానుగలు పెరిగాయి. పిల్లలు మెట్లమీద నుంచి నీళ్లలోకి దూకుతారు. కొత్తగా పెళ్లయినవాళ్లు నెమలిబొమ్మ పక్కన ఫొటోలు దిగుతారు. బీడులో సగం చదునుచేసి బోరు వేసి మిరప పెట్టారు. ఆ బొంతలు అమ్మ ఎప్పుడో గేదెల కొట్టంలో పరిచేసింది. పొద్దున్నే ఆకాశంలో వినిపించే ఆ అరుపు ఎట్టా ఉండేదో మా ఊరి చిన్నపిల్లల్లో ఒక్కరికీ తెలియదు. ఇలాంటిదొకటి పోయిందని ఊళ్లో ఎవరికీ అనిపించకపోవడం, అలా అనిపించకుండా నాన్న కాపాడుకు రావడం, ఈ రెండూ తలుచుకున్నప్పుడల్లా నాకు ఏదోలా ఉంటుంది.

పోయిన నెల నేను ఇంటికి వెళ్లినప్పుడు వాగు అవతలి ఊరి నుంచి ఒక రైతు నాన్నని వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ల ఊరి బీడులో కుంటకి పోలంకలు ఇంకా వస్తున్నాయట. జనాన్ని పిలిచి చూపిద్దామని అనుకుంటున్నారట. "ఎట్టా చెయ్యాలో నువ్వే వచ్చి చెప్పాలి మస్తానన్నా" అన్నాడు. మర్నాడు నాన్న వెళ్లాడు, వెనకాల నేను. ముగ్గురం తడిమట్టికి దూరంగా నేలమీద కూర్చున్నాం. పిట్టలు వచ్చాయి, దిగాయి, నడిచాయి. ఒక మగపిట్ట నీళ్లలో పొట్ట ఆనించి కూర్చుని ఊగుతుంటే నాన్న ఊపిరి కూడా తీసుకోలేదు. అవి పోయాక, ఇన్నేళ్లూ మా ఊళ్లో ఎవరికీ చెప్పని మాట ఆ రైతుతో చెప్పాడు.

"ఒక్క ఇటుక కూడా పెట్టొద్దయ్యా. మా ఊళ్లో పిట్టలు పోయింది మందుల వల్ల కాదు, నేనడిగిన రేవు వల్ల. దీన్ని ఇట్టానే వదిలెయ్యండి. జనాన్ని నేలమీదే కూర్చోబెట్టండి."

లేవబోయి మోకాలి మీద చెయ్యి వేసుకుని ఆగాడు. ఆ రైతు గబుక్కున చెయ్యి అందించి లేపాడు.

"నీకే లేవడం ఇంత కష్టంగా ఉందే అన్నా! నీ కోసమైనా నాలుగు బల్లలు వేయిస్తాం. మొహమాటపడొద్దు."

"వద్దండీ, నాన్న నిజంగానే చెప్తున్నాడు" అన్నాను. కొత్త మనిషితో అంత గట్టిగా నేను మాట్లాడటం నాకే వింతగా వినిపించింది.

అతను మనసారా నవ్వాడు. "తండ్రికి తగ్గ కూతురమ్మా నువ్వు, ఇద్దరికిద్దరూ మొహమాటస్తులే" అంటూ, మాకిద్దామని తెచ్చిన పండుమిరపకాయల సంచి మా బండికి తగిలించడానికి ముందుకి నడిచాడు. కుంట అంచునే, తడిమట్టి మొదలయ్యేచోట, మెట్ల కొలతకి అప్పటికే సున్నంతో గీత గీసి ఉంది. నాన్న దాని మీద ఆగి చెప్పుకాలితో కొంచెం చెరిపాడు. ఆ రైతు వెనక్కి తిరిగి చూసేసరికి కాలు తీసేసి, "బాగుందయ్యా మీ ఊరు" అన్నాడు.