పాలు చేపిన దారి

మా పాప ఇప్పుడు బడికి పోతోంది. ఆ పొద్దున మానుకోట బస్సులో మాత్రం మూడు నెలల పసిగుడ్డు. ఆకలికి ఏడుస్తోంది. నాకేమో పాలు రావడం లేదు. దిగులు పెట్టుకుంటే పాలు చేపించే హార్మోన్ ఆగిపోతుందని డాక్టరమ్మ చెప్పింది. అప్పటి నుంచి, దిగులు పడుతున్నానేమోనన్నదే నాకు పెద్ద దిగులు. సంచిలో ఆఫీసు వాళ్ళ ఫోను మోగుతూనే ఉంది.

తొర్రూరులో ఇంటింటికీ పాలు పోసి వస్తున్న ఒక అవ్వ ఖాళీ క్యానుతో నా పక్కన కూర్చుంది. నర్సింహులపేటకు టికెట్ తీసుకుంది. కాసేపు పాపను చూసి, అటు తిరిగి, కొంగును నాకు తెరలా పట్టుకుంది.

"ఫోను బంద్ చెయ్యి బిడ్డా. లొల్లి ఉంటే బర్రె గూడ చేపదు."

ఫోను ఆపేశాను. ఆమె మళ్ళీ నా వైపు చూడలేదు. పాలు పిండేటప్పుడు బర్రెకు వినిపించే రాగమేమో, సన్నగా తీయడం మొదలుపెట్టింది. కిటికీ అవతల మిరప కల్లాలు ఎర్రగా కరిగిపోతున్నాయి. నా దవడ ఎప్పుడు వదులైందో, భుజాలు ఎప్పుడు జారాయో తెలియదు. రొమ్ములో సన్నగా సూదులు గుచ్చినట్టయి పాలు దిగాయి. పాప గుటకలు వింటూ నేనూ సగం నిద్రలోకి పోయాను.

"నర్సింహులపేట," అని కండక్టర్ కేకేశాడు. అవ్వ రాగం ఆపలేదు, కొంగు దించలేదు.

పాప కడుపు నిండాక, ఆ తర్వాతి ఊళ్ళో అవ్వ దిగింది. బస్సు కదిలాక తిరిగి చూశాను. ఖాళీ క్యాను ఊపుకుంటూ, మేము వచ్చిన దారినే, ఎండలో నర్సింహులపేట వైపు నడిచిపోతోంది.