మా బాబాయ్ వేసిన తాళం

మా బాబాయ్ వినికిడి మిషన్లు చేసే కంపెనీలో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. మిషన్ లోపల ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రాం ఉంటుంది కదా, ఫర్మ్‌వేర్ అంటారు, అది రాయడం ఆయన ఉద్యోగం. రాసినదాన్ని ఇంకెవరూ తెరిచి మార్చకుండా తాళం వేయడం ఆయన సరదా.

ఒకసారి ఆ వ్యాపారంలో ఉన్న కంపెనీలన్నీ సమావేశమయ్యాయి. "ఎవరిది వాళ్లు రాసుకునే బదులు అందరం కలిసి ఒకటే రాద్దాం. ఎవరైనా చూడొచ్చు, చెడితే ఎవరైనా బాగుచెయ్యొచ్చు" అన్నారు కొందరు. బాబాయ్ లేచి, "మా వంటగది తలుపు బార్లా తీస్తే ఊరంతా వచ్చి గరిటె తిప్పిపోతుంది" అంటూ గంటసేపు వాయించాడు. అబ్బో, ఏం చప్పట్లు! కంపెనీ ఇత్తడి షీల్డు కూడా ఇచ్చింది. దాన్ని పాలవాడికి సైతం చూపించాడు మహానుభావుడు.

రిటైరైన రోజు, తాళం తీసే కోడు ఉన్న కాగితాన్ని ఆఫీసు బీరువాలో పెట్టి వచ్చాడు. "ఒక్క ముక్క ఇంటికి తెచ్చుకోలేదురా" అని నా దగ్గర ఛాతీ విరుచుకునేవాడు. రెండేళ్లకు కంపెనీ మూతపడింది. ఆ బీరువా ఏ తుక్కు కొట్టుకు పోయిందో దేవుడికెరుక.

మొన్న పిన్ని చెవి మిషన్ మూగబోయింది. పిన్ని పిల్లలకు పాట నేర్పుతుంది, అదే ఆవిడ ప్రాణం. ఇప్పుడు ఎవరెంత అపశ్రుతి పాడినా "భేష్" అంటోంది. పిల్లలకు హాయిగానే ఉంది గానీ, తల్లులు ఒక్కొక్కరే మాన్పించేస్తున్నారు. చూడలేక ఇద్దరినీ రిపేరు షాపుకు తీసుకెళ్లాను.

షాపామె మిషన్‌ను కంప్యూటర్‌కు తగిలించి పెదవి విరిచింది. "మిషన్ బాగానే ఉందండీ. ఏడాదికోసారి కంపెనీ కంప్యూటర్‌ నుంచి అనుమతి వస్తేగానీ పనిచెయ్యనంటోంది. కంపెనీయే లేదాయె! ఆ ఒక్క లైను తీసేస్తే చాలు, కానీ తాళం వేసుంది. ఎవడు వేశాడో, వాడి చేతులు పడిపోను!"

బాబాయ్ చేతులు రెండూ జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఏమంటోందండీ?" అంది పిన్ని.

"వేసింది నేనే" అన్నాడాయన నేలచూపులు చూస్తూ.

"ఆఁ?"

"నేనే వేశాను."

"గట్టిగా చెప్పండి బాబూ!"

"ఆ తాళం వేసింది నేనే!" అని అరిచాడు. సమావేశంలో కూడా అంత గట్టిగా మాట్లాడి ఉండడు. షాపులో వాళ్లందరూ తిరిగి చూశారు.

పిన్ని మొహం విప్పారింది.

"మీరేనా? అమ్మయ్య! అయితే త్వరగా తీసెయ్యండి, నాలుగింటికి పిల్లలొస్తారు" అంటూ మిషన్ ఆయన చేతిలో పెట్టింది.